డ్రైవరమ్మ వెనక కారు

బ్రేకుల దగ్గర బద్ధకించే వాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఏసీ పాడైతే నీడలో కూర్చోవచ్చు. ఫ్రిజ్ పాడైతే పక్కవాళ్ల ఫ్రిజ్‌లో పాలు పెట్టుకోవచ్చు. బ్రేకు లేకపోతే ఏం చేస్తారు, దండం పెట్టుకుంటారా? మెక్సికో సరిహద్దు ఎడారిలో, యూమా ఊరి బయట మా క్యాంపులో పందొమ్మిదేళ్లుగా ఇంటిబండ్లు బాగుచేస్తున్నాను. ఈ మాట ఎన్నిసార్లు అన్నానో లెక్కలేదు. విన్నవాళ్లు తక్కువ.

మా క్యాంపు వాళ్లందరికీ మంచం, వంటిల్లు లోపలే ఉన్న బస్సంత ఇంటిబండి ఒకటి, దాని వెనక కడ్డీతో కట్టి లాక్కెళ్లే చిన్న కారు ఒకటి ఉంటాయి. ఇంటిబండిని క్యాంపులో నిలిపేశాక బజారుకు వెళ్లడానికి ఆ కారు. చిక్కంతా దారిలోనే వస్తుంది. ముందు బండి బ్రేకు వేస్తే వెనక కారు తనంతట తాను ఆగదు, అందులో బ్రేకు తొక్కే మనిషి లేడు. ఆ మనిషి కాలు చేసే పనిని ఒక యంత్రం చెయ్యాలి. అది పెట్టుకోకపోతే కారు బరువంతా వెనక నుంచి నెడుతూనే ఉంటుంది. చదును నేల మీద అది తెలియదు. కొండ దిగేటప్పుడు తెలుస్తుంది, తెలిసేసరికి ఆలస్యమైపోతుంది.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, అర్లెట్టా గురించి చెప్పాలంటే ఇది చెప్పక తప్పదు.

అర్లెట్టా కింబ్రోది నెబ్రాస్కా. ముప్పై ఒక్క ఏళ్లు అక్కడ స్కూలు బస్సు నడిపింది, అదీ మట్టి రోడ్ల మీద, మోకాలి లోతు మంచులో. ఒక్క బిడ్డకీ గీత పడనివ్వలేదు. క్యాంపులో అందరం ఆవిణ్ణి డ్రైవరమ్మ అనే పిలుస్తాం. రిటైరయ్యాక మొగుడు డెల్మర్‌తో కలిసి ఇల్లు అమ్మేసి ఇంటిబండి కొనుక్కుంది. చలికాలం మా దగ్గర, ఎండాకాలం ఉత్తరాన. స్టీరింగ్ ఆవిడది, వెనక కారు కట్టడం, విప్పడం డెల్మర్‌ది. పెళ్లినాడు పంచుకున్నట్టు అంత ఖచ్చితంగా ఉండేది ఆ పంపకం.

మా వాళ్లలో ఒక కట్టుబాటు ఉంది. కారు కడుతున్న మనిషిని ఎవరూ పలకరించకూడదు. దగ్గరికే వెళ్లకూడదు. మాటల్లో పడితే ఏదో ఒక పిన్ను మరిచిపోతాడు. ఒకసారి ఒకాయన కారు కడుతూ చేపల వేట గురించి కబుర్లాడి, కారు చేతిబ్రేకు తీయకుండానే బయలుదేరాడు. నలభై మైళ్లు పోయాక వెనక నల్లటి పొగ చూసి, 'ఎవరి బండో తగలబడుతోంది పాపం' అని పెళ్లాంతో అన్నాడట. తగలబడింది తన టైర్లే. అందుకే కారు కట్టేవాణ్ణి చూస్తే మేం గుళ్లో ఉన్నంత నిశ్శబ్దంగా తప్పుకుంటాం.

ఈ కట్టుబాటును డ్రైవరమ్మ పాటించినట్టు ఇంకెవరూ పాటించలేదు. డెల్మర్ వెనక వంగి పనిచేస్తున్నంతసేపూ ఆవిడ సీట్లో కూర్చుని ఎదురుచూసేది. పని అయ్యాక అతను కిటికీ దగ్గరికి వచ్చి, "ఊ, తొక్కు" అనేవాడు. ఆవిడ బ్రేకు తొక్కగానే ముందు పలకలో ఆకుపచ్చ లైటు వెలిగేది. వెనక కారు బ్రేకు పడుతోందని దానర్థం. "వెలిగింది" అనేది ఆవిడ. అప్పుడు బయలుదేరేవాళ్లు. ఏడేళ్లు అలాగే జరిగింది.

రోజూ పొద్దున్నే బస్సు చుట్టూ తిరిగి చక్రం చక్రం తట్టి చూసుకున్న మనిషి, వెనక కారు బ్రేకును ఒక్కసారైనా వంగి చూడలేదా అని మీకు అనిపిస్తుంది. నాకూ అనిపించింది, తర్వాత అడిగాను కూడా.

"బస్సు నాది, వెండెల్. కారు ఆయనది" అంది. "ఆయన పని వెనకాలే వెళ్లి తనిఖీ చేస్తే మొగుడికి ఏం మర్యాద?"

రెండేళ్ల కిందట శరదృతువులో వాళ్లు నెబ్రాస్కా నుంచి మా దగ్గరికి వస్తూ సాల్ట్ నది లోయలోకి దిగారు. ఆ దారి సంగతి తెలిసినవాళ్లకు తెలుసు, మలుపు మీద మలుపు. డ్రైవరమ్మ గేరు తగ్గించుకుని నెమ్మదిగానే దిగుతోంది. ఒక మలుపు తిరగ్గానే రోడ్డు పని జరుగుతోందని బండ్లు ఆపేసి ఉన్నాయి. వరసలో చివరిది లోపల గుర్రాన్ని నిలబెట్టి తీసుకెళుతున్న ట్రాలీ. ఆవిడ బ్రేకు తొక్కింది. తన లెక్క ప్రకారం సరిగ్గా సమయానికే తొక్కింది. కానీ ఇంటిబండి ఆగాల్సిన చోట ఆగలేదు. నాలుగడుగులు ఎక్కువ జరిగి ఆ ట్రాలీని వెనక నుంచి గుద్దింది.

మనుషులకేం కాలేదు. ట్రాలీలో ఉన్న ఆడగుర్రం పడిపోయి ముందుకాలు విరిగింది. అది కోరీ అనే పాతికేళ్ల అమ్మాయిది, గ్లోబ్ ఊరి దగ్గర వాళ్ల పశువుల కొట్టం. దాన్ని పుట్టినప్పటి నుంచి ఆ అమ్మాయే పెంచింది. పశువుల డాక్టరు వచ్చి చూసి, ఆ కాలు ఇక అతకదని తల అడ్డంగా ఊపాడు. రోడ్డు పక్కనే, నొప్పి లేకుండా ప్రాణం పోయే సూది వేశారు. అదయ్యేవరకూ కోరీ దాని మెడ పట్టుకుని కూర్చుంది. అర్లెట్టా కోరీ భుజం పట్టుకుని కూర్చుంది.

"తప్పు నాదమ్మా" అని ఆ అమ్మాయితో అంది. "నా కాలు ముసలిదైపోయింది. తొక్కాల్సినప్పుడు తొక్కలేదు."

డెల్మర్ పక్కనే నిలబడి ఉన్నాడు. పెదవి విప్పలేదు.

ఆ రోజు నుంచి డ్రైవరమ్మ స్టీరింగ్ ముట్టుకోలేదు. మిగిలిన దారంతా డెల్మరే నడిపి, ప్రతి పెట్రోలు బంకులో ఏదో ఒక అంచుకు రాసుకుంటూ మా క్యాంపుకు చేరాడు. ఆవిడ పక్క సీట్లో చేతులు మోకాళ్ల మధ్య పెట్టుకుని కూర్చుని ఉంది.  డాక్టరు దగ్గరికి వెళ్లింది. మోకాలి మీద కొట్టి చూసి, నీ వయసుకి నీ కాలు భేషుగ్గా ఉందన్నాడు. ఆవిడ నమ్మలేదు. డాక్టర్లు ముసలివాళ్ల మనసు నొప్పించకుండా మాట్లాడతారంది. క్యాంపులో తిరిగే చిన్న బ్యాటరీ బండి కూడా నడపడం మానేసింది. సాయంత్రం నాలుగింటికి అందరం కుర్చీలు వేసుకుని కూర్చునే చోటికి, అంత దూరం, ఎండలో నడిచి వచ్చేది. ఎవరైనా ఊళ్లోకి తీసుకెళ్లమంటే, "నా కాలుని నమ్ముకోకండి" అని నవ్వేది. ఆ నవ్వు చూడలేకపోయేవాణ్ణి. నెలకొకటి కోరీకి ఉత్తరం రాసేది, ఇక బండి నడపడం లేదని.

ఈ చలికాలం వాళ్ల పాత కారు గేర్‌బాక్సు పోయింది. వేరే కారు కొన్నారు. దానికి బ్రేకు యంత్రం పెట్టాలి. ముందు డెల్మర్ ఒక్కడే నా దగ్గరికి వచ్చాడు.

"వెండెల్, పాత కారులో ఉన్నది పాడైపోయింది, దాని జోలికి పోకు" అన్నాడు. "కొత్త కారుకి నీకు తోచింది ఏదో ఒకటి పెట్టేసెయ్."

"ఏమోయ్, తోచింది పెట్టడానికి అదేమన్నా కిటికీ తెరా? అర్లెట్టాని అడగవా?"

"తను నడపట్లేదుగా" అన్నాడు.

ఆ మాట నాకు నచ్చలేదు. ఎందుకు నచ్చలేదో అప్పటికి తెలియదు.

మర్నాడు డ్రైవరమ్మ నోటుపుస్తకం పట్టుకుని వచ్చింది. "నేను నడపకపోతేనేం. నడిపేవాడికి కొండ దిగడం రాదు, కాబట్టి యంత్రమైనా మంచిది కావాలి. చెప్పు" అని బల్ల మీద కూర్చుంది.

చెప్పాను. ఒకటి పెట్టెలా ఉంటుంది, కారులో డ్రైవరు కాళ్ల దగ్గర పెట్టి దాని చెయ్యిని పెడలుకు తగిలించాలి. కొనడం తేలిక, ఏ కారుకైనా మార్చుకోవచ్చు, కానీ ప్రతిసారీ పెట్టాలి, తీయాలి. పెట్టడంలో తేడా వస్తే దారంతా పెడలు నొక్కుకునే ఉంటుంది. రెండోది కారులోనే లోపల బిగించేస్తాం, ఇక కదలదు. మూడోది ఇంటిబండి బ్రేకుల్లో ఉండే గాలినే గొట్టంతో వెనక్కి పంపిస్తుంది. ముందు ఎంత గట్టిగా తొక్కితే వెనక అంత గట్టిగా పడుతుంది. ఏది పెట్టినా, కడ్డీ తెగి కారు విడిపోతే దానంతట అదే బ్రేకు పడేలా ఒక తీగ ఉండాలి.

"వెనక బ్రేకు నిజంగా పడిందో లేదో ముందున్నవాళ్లకి ఎలా తెలుస్తుంది?" అని అడిగింది.

"కొన్నింటిలో ముందు బండి పెడలు తొక్కినట్టు మాత్రమే చూపిస్తుంది. మంచివాటిలో వెనక పెడలు కిందికి దిగితేనే లైటు వెలుగుతుంది."

"అయితే ఆ మంచిది. గాలిది." పుస్తకంలో రాసుకుంది. రెండు రోజులు ఆలోచించి, నాలుగు ప్రశ్నలు అడిగి, చివరికి అదే ఖాయం చేసింది. సామాను తెప్పించాను. శుక్రవారానికి వస్తుందన్నారు.

ఆ మంగళవారం డెల్మర్ పుచ్చు పన్ను బాగుచేయించుకోవడానికి సరిహద్దు దాటి అల్గొడోనెస్ వెళ్లాడు. మా వాళ్ల పళ్లన్నీ మెక్సికోలోనే చవగ్గా బాగవుతాయి. అతను అటు వెళ్లగానే డ్రైవరమ్మ వచ్చింది.

"పాత కారులోది కూడా విప్పి ఇవ్వు వెండెల్. ఆ మూలనున్న కాన్సాస్ వాళ్లకి అసలే బ్రేకు లేదు. నువ్వు బాగుచేస్తే వాళ్లకి ఇస్తా."

"పాడైందన్నాడుగా."

"నువ్వు బాగుచెయ్యలేనంత పాడయ్యిందా?"

ఇలా అంటే ఏ మెకానిక్ ఊరుకుంటాడు. వెళ్లాను. పాత కారు వాళ్ల స్థలంలోనే పక్కన పెట్టి ఉంది. పెడలు దగ్గర చూశాను, ఏమీ లేదు. సీటు కింద లేదు. బానెట్ ఎత్తి చూశాను. ఒక్క రంధ్రం లేదు, ఒక్క స్క్రూ లేదు, ఎప్పుడైనా ఏదైనా బిగించిన గుర్తు లేదు. విడిపోతే లాగాల్సిన తీగ మాత్రం ముందు బంపరు దగ్గర వేలాడుతోంది. పట్టుకుని వెతికితే దాని రెండో కొస ఒక బోల్టుకు ముడివేసి ఉంది. చూసేవాళ్ల కోసం కట్టిన తీగ అది. ఇంటిబండిలోకి వెళ్లి పలక విప్పాను. ఆకుపచ్చ లైటుకు వచ్చే వైరు వెనక కారు దాకా పోనే లేదు. ఇంటిబండి సొంత బ్రేకు లైటు వైరుకే అతికించి ఉంది. ఆవిడ కాలు నొక్కితే ఆవిడ బండి లైటే వెలిగి, వెనక కారు ఆగుతోందని ఏడేళ్లు చెప్పింది.

ఆవిడ మెట్ల దగ్గర నిలబడి నన్నే చూస్తోంది. నోట్లో ఒక అబద్ధం సిద్ధంగానే ఉంది, 'ఎవరో తీసేసినట్టున్నారు' అని. ఆ అబద్ధం ఎవరి కోసం చెప్పాలి? ఆ మనిషి అప్పటికే ఏడేళ్లు ఒకటి మోసింది.

"ఇందులో బ్రేకు లేదు డ్రైవరమ్మా. ఎప్పుడూ లేదు. లైటొక్కటే పెట్టాడు."

 మెట్టు మీద కూర్చుంది.

"అయితే ఆ రోజు" అంది. ఆగింది. "ఆ నాలుగడుగులూ?"

"కారువి. మీ కాలివి కావు."

"నేను ఆ పిల్లకి పదహారు ఉత్తరాలు రాశాను వెండెల్. అన్నింటిలోనూ నా కాలు, నా కాలు అని రాశాను."

నాకు దుఃఖం కంటే కోపం ముందు వచ్చింది. నా స్వభావం అంతే. ఆవిణ్ణి లేపి స్టీరింగ్ ముందు కూర్చోబెట్టాను. రానంది. "కూర్చోండి, లేకపోతే నేను అరుస్తాను, క్యాంపంతా వస్తుంది" అన్నాను. వెనక ఏమీ కట్టకుండా, కాలువగట్టు పక్కన ఖాళీ రోడ్డు మీదికి తీసుకెళ్లి, నేను దిగి రోడ్డు మీద నా టోపీ పెట్టాను. వేగంగా వచ్చి దాని దగ్గర ఆపమన్నాను. మొదటిసారి వచ్చింది. టోపీకి జానెడు దూరంలో ఆపింది. ఇంకోసారి అన్నాను. మళ్లీ జానెడే. మూడోసారి నేను అడగకుండానే వెనక్కి వెళ్లి వచ్చింది. అప్పుడు తల స్టీరింగ్ మీద పెట్టుకుని ఏడ్చింది.

డెల్మర్ మధ్యాహ్నం దవడ ఉబ్బి, సగం మూతి మొద్దుబారి తిరిగొచ్చాడు. విప్పేసిన పలక, బయట పెట్టిన వైరు చూశాడు. తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాడు. నేను వెళ్లిపోబోతే అర్లెట్టా ఉండమంది.

"ఎందుకు?" అని అడిగింది. గొంతు పెంచలేదు.

"అంత పెద్ద బండికి ఆ చిన్న కారు ఓ లెక్కా అనుకున్నా. నువ్వేమో బ్రేకు, బ్రేకు అని ప్రాణం తీశావు. నీకు ధైర్యంగా ఉంటుందని ఆ లైటు పెట్టా. వచ్చే వసంతంలో అసలుది పెడదామనుకున్నా. బాగానే నడుస్తోంది కదా అని…"

"అది కాదు నేనడిగింది. ఆ రోడ్డు మీద, ఆ పిల్ల ముందు, నా కాలు అన్నాను. నువ్వు పక్కనే ఉన్నావు."

డెల్మర్ దవడ తడుముకున్నాడు. "నువ్వే అనేశావు. నేను నోరు తెరిచేలోపే అనేశావు. ఇంక నేనేం అనేది?"

"ఆ తర్వాత ఏడాదిన్నర ఉంది డెల్మర్. డాక్టరు దగ్గరికి నన్ను నువ్వే తీసుకెళ్లావు. గదిలో నా పక్కనే కూర్చున్నావు."

అతను నా వైపు చూశాడు, నేనేదో సర్దిచెబుతానని. "నన్ను చూడకు" అన్నాను. "నాకు నోరు తెరిస్తే మంచి మాట రాదు."

"కోరీకి ఫోన్ చెయ్యి" అంది ఆవిడ. "జరిగింది చెప్పు. శుక్రవారం లోపల."

"నువ్వే చెప్పచ్చుగా" అన్నాడు.

"నాది కాని తప్పుని కూడా నాదనే ఒప్పుకున్నాను. నీది కూడా నేనే చెప్పాలా?"

బుధవారం దవడ నొప్పి అన్నాడు. గురువారం, ఆ అమ్మాయి మరిచిపోయుంటుంది, మళ్లీ గుర్తుచెయ్యడం దేనికి అన్నాడు. నాతో అయితే ఇంకో మాట కూడా అన్నాడు, "ఫోన్ చేస్తే చచ్చిన గుర్రం లేచొస్తుందా?" అని. ముప్పై ఏళ్ల కిందటి నేనైతే ఆ ఉబ్బిన దవడకు రెండో దవడను జోడీ చేసి ఉండేవాణ్ణి. "గుర్రం లేవదు. లేవాల్సింది నీ పెళ్లాం. ఏడాదిన్నరగా కూర్చోబెట్టావు" అన్నాను. అతను గొణుక్కుంటూ వెళ్లిపోయాడు.

శుక్రవారం సామాను వచ్చింది. పెట్టె భుజాన వేసుకుని పనిముట్లతో వాళ్ల స్థలానికి వెళ్లాను. ఇద్దరూ బయట కూర్చుని ఉన్నారు. బల్ల మీద ఫోను ఉంది.

"చేశావా?" అని నా ముందే అడిగింది.

"సోమవారం చేస్తా. ఒట్టు."

అర్లెట్టా లేచింది. నా చేతిలో పెట్టె మీద చెయ్యి వేసి, "వెనక్కి పంపించెయ్ వెండెల్. అక్కర్లేదు" అంది.

"ఇంకో రకం చూద్దామా?"

"ఏ రకమూ వద్దు. నా వెనక ఇంకేదీ కట్టను. ఆయన కారు ఆయనే నడుపుకుంటాడు."

మేం చాలామందిమి చాలా విధాలుగా చెప్పాం. పద్నాలుగు వందల మైళ్లు ముసలాయన ఒక్కడే ఎలా నడుపుతాడన్నారు కొందరు.  సోమవారం గడిచింది, తర్వాత ఎన్నో సోమవారాలు గడిచాయి. ఫోను మాత్రం ఎవరూ చెయ్యలేదు. మార్చి చివర్లో, ఎండలు ముదిరాక, ఒక పొద్దున్నే బయలుదేరారు. ఆవిడ బండి చుట్టూ ఒకసారి తిరిగి, చక్రం చక్రం తట్టి చూసుకుని, ఎక్కి కూర్చుంది. ఇంటిబండి ముందు, చిన్న కారులో డెల్మర్ వెనక. గేటు దగ్గర నిలబడి చెయ్యి ఊపాం.

మర్నాడు సాయంత్రం ఫోన్ చేసింది. లోయలోకి దిగే ముందు గ్లోబ్ దగ్గర కోరీ వాళ్ల దారి వస్తుంది. ఉత్తరాల మీద రాసీ రాసీ ఆ చిరునామా ఆవిడకి కంఠతా వచ్చు. అరమైలు ముందు నుంచే మలుపు లైటు వేసిందట, వెనకవాడికి బాగా తెలిసేలా. గేటు ముందు రోడ్డు దిగి ఆపింది. అద్దంలో చూస్తూ కూర్చుంది. డెల్మర్ కారు వేగం తగ్గించి దగ్గరికి వచ్చింది. గేటు వైపు చూశాడు, ఆవిడ వైపు చూశాడు.

"ఆగలేదు వెండెల్" అంది. "ముందుకెళ్లిపోయాడు."

 "మీరేం చేశారు?"

"కాసేపు కూర్చున్నా. తర్వాత దిగి లోపలికెళ్లా. కోరీ ఇంట్లోనే ఉంది, కాఫీ ఇచ్చింది."

"ఏం చెప్పారు ఆ అమ్మాయికి?"

"బండి నేనే నడుపుకుంటూ వచ్చానని చెప్పా."